ఫ్రీ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళకి నూట పదహార్లు ఎలా చదివించాలండీ?

కోలాటం సౌండ్స్, ముమ్మిడివరం దగ్గర:

అందరికీ నమస్కారమండీ. మాది ముమ్మిడివరం పక్కన ఓ చిన్న ఊరు, సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే పని మాది, దాంతోపాటు ఓ అయిదేళ్ళ నుంచి మా ఊరి ఆడవాళ్ళ కోలాటం బృందానికి పాటలు రికార్డు చేసి ట్రాకులు కట్టి ఇస్తున్నాను. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి, వెనకగదిలో ధాన్యం బస్తాలుంటాయి కదా వాటి మధ్యలో ఓ మైకు, గోడకి పాత బొంతలు, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, అంతే. బస్తాల మధ్య పాడితే గొంతు మోగదండీ, పొడిగా వస్తుంది, కోతలయ్యాక బస్తాలు మిల్లుకి పోతే మాత్రం మళ్ళీ బావిలోంచి పాడినట్టే.

రికార్డింగంతా ఆడాసిటీలో, డోలక్ లూపులూ తాళాలూ ట్రాకులు కట్టే ప్రోగ్రాం ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్‌లో, ఇంకా మన సొంత వేవ్ ఫైళ్ళు వేసుకుని కీబోర్డు మీద వాయించుకునే ఓ చిన్న ప్లగిన్ (పెద్ద ప్రోగ్రాంలో తగిలించుకునే బుల్లి ప్రోగ్రాం) ఉంది, దాంట్లో మా పెదనాన్నగారి హార్మోనియం ఒక్కో మెట్టూ రికార్డు చేసి పెట్టుకున్నాను. దేనికీ రూపాయి ఇవ్వలేదు. అంతకుముందు ఎవరో పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడేవాడిని, అది ఓ పెళ్ళి ముందు రోజు లాప్‌టాప్‌నంతా తినేసింది, ఆ దెబ్బతో ఇటు వచ్చాను లెండి.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న షష్ఠి తీర్థంలో మావాళ్ళు ఆడుతుంటే ఓ పెద్దాయన పాట మధ్యలో ఆపించి మైకులో "డోలక్ అబ్బాయికి నూట పదహార్లు" అని చదివించారు. మావాడు దణ్ణం పెట్టి తీసుకున్నాడు. మీకు చెప్పేదేంటంటే ఆ పాటలో మోగిన డోలక్ సగం మావాడిది కాదు, ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్‌ది. వాడు ట్రాకు మీద చేతులు ఆడిస్తున్నాడంతే. వాడికీ తెలుసు నాకూ తెలుసు. ఇంటికొచ్చాక మరి ఆ రెండో డోలక్ వాడికి ఎవరు చదివించాలి అని ఒకటే ఆలోచన.

పోనీ నేనే పంపిద్దామని కూర్చుంటే సైటులో అన్నీ డాలర్లు, కార్డు రెండుసార్లు ఫెయిలు, యూపీఐ లేదు. నా బడ్జెట్ వెయ్యి నూట పదహార్లు, అంటే సుమారు పన్నెండు పదమూడు డాలర్లు. అంత తక్కువ పంపితే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారా? డబ్బు కాకపోతే ఇంకేం చెయ్యొచ్చు? నాకు కోడింగ్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ చిన్న ప్లగిన్‌లో ఒక తేడా కూడా ఉందండీ, కానీ ఊరికే పెట్టిన భోజనంలో ఉప్పు తక్కువైందంటే ఏం బాగుంటుంది అని ఊరుకున్నాను.


బ్యాంకు బాబాయి, తణుకు:

ముందు కార్డు సంగతి చెప్తాను, అది సులువు. రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన రూలు ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికి మాత్రమే ఆన్ అయి వస్తాయి. విదేశీ సైట్లలో చెల్లాలంటే మీ బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులకెళ్ళి ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ అన్న మీట నొక్కాలి. పని అయ్యాక మళ్ళీ ఆపేయండి, అది మర్చిపోవద్దు. మార్కప్ అని కొంత, దాని మీద జీఎస్టీ అని కొంత బ్యాంకు పట్టుకుంటుంది, దానికి బెంబేలెత్తకండి.

రెండోది, నెలనెలా పంపే పద్ధతి పెట్టుకోకండి. 2021 అక్టోబరు 1 నుంచి ఆటోమేటిక్‌గా కార్డులోంచి లాగే చెల్లింపులకి కొత్త నిబంధనలొచ్చాయి, ముందుగా మెసేజ్ రావాలి, మనం ఒప్పుకోవాలి, అవతలి సైటు ఆ పద్ధతికి సిద్ధంగా లేకపోతే పేమెంటు ఫెయిలవుతుంది. మా అబ్బాయి నెలకో డాలరు పెట్టాడు, రెండో నెలకే ఆగిపోయింది, మూడో నెలలో కానీ వాడు చూసుకోలేదు.

ఏడాదికోసారి ఒకేసారి పంపడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది లెక్క చూడండి. అమెరికాలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకి స్ట్రైప్ అనే చెల్లింపుల కంపెనీ మామూలు రేటు 2.9 శాతం, దాని మీద 30 సెంట్లు. మీరు నెలకో డాలరు చొప్పున పన్నెండు సార్లు పంపారనుకోండి, ప్రతిసారీ 33 సెంట్లు దాకా పోతాయి, ఏడాదికి దాదాపు 4 డాలర్లు మధ్యలోనే ఆవిరి. అదే 12 డాలర్లు ఒక్కసారి పంపితే పోయేది 65 సెంట్లు. మన విదేశీ కార్డుకి ఇంకాస్త పడుతుందనుకోండి, అయినా తేడా తేడాయే. ఇలాంటి ప్రాజెక్టులకి డబ్బు పంపే సైట్లు కొన్నున్నాయి. గిట్‌హబ్ స్పాన్సర్స్‌లో ఒక్కసారి ఇచ్చే ఆప్షన్ ఉంటుంది. లిబరాపేలో అయితే వారానికింత అని లెక్క వేసి ఏడాదిది ముందే కట్టేయొచ్చు, వాళ్ళు తమ వాటా అని ఏమీ తీసుకోరు, వాళ్ళూ విరాళాల మీదే నడుస్తున్నారు. ఓపెన్ కలెక్టివ్ ఉన్న ప్రాజెక్టయితే జమాఖర్చులు అందరికీ కనిపిస్తాయి, గుడి దగ్గర బోర్డు మీద రాసినట్టు ఎవరెంతిచ్చారు దేనికి ఖర్చయింది అన్నీ ఉంటాయి.

చిన్నబుచ్చుకోవడం ఏమీ ఉండదు బాబూ. నేను ఆర్డర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాం వాడతాను, మా వీధి రామాలయం భజనలు దాంట్లోనే చేస్తాను. దాని సోర్సు కోడ్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది, ఎవరైనా ఊరికే తీసుకుని సొంతంగా బిల్డ్ చేసుకోవచ్చు, కానీ వాళ్ళ సైటులోంచి రెడీమేడ్‌గా దించుకోవాలంటే మీకు తోచింది ఇవ్వండి అంటారు. పాల్ డేవిస్ అని దాన్ని మొదలుపెట్టినాయన ఎన్నో ఏళ్ళుగా ఆ చిన్న చిన్న చెల్లింపుల మీదే బతుకు నడుపుకుంటూ దాన్ని నడుపుతున్నాడు. చిన్న మొత్తాలని తక్కువ చూసుంటే ఆ సాఫ్ట్‌వేర్ ఈపాటికి ఉండేది కాదు.


గట్టుమీద గోపి, రాజమండ్రి:

అందరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఫ్రీ అన్నదల్లా ఎవరో పాపం రాత్రిళ్ళు కూర్చుని చేస్తున్నారని అనుకోకండి. ఆడాసిటీని 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ తీసుకుంది, నొటేషన్ రాసుకునే ప్రోగ్రాం మ్యూస్‌స్కోర్ కూడా వాళ్ళ చేతిలోదే. జీతాలిచ్చి పని చేయించుకుంటున్నారు. వాళ్ళకి మీ వెయ్యి నూట పదహార్లు పంపడం అంటే గోదాట్లో చెంబుడు నీళ్ళు పోసినట్టే. అసలు ఫ్రీగా ఇస్తామని వాళ్ళే అన్నారు, మనం అడగలేదు, వాడుకుంటున్నాం, అయిపోయింది. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం నిజమే, ఆయన కూడా జీతం తీసుకునే కట్టాడు ధవళేశ్వరం.


సరిగమ టీచరు, భీమవరం:

గోపి గారూ, ఆఖరి మాట భలే అన్నారు, అదే నేను తిరగేసి అడుగుతాను. జీతం తీసుకుని 1852లో కట్టిన ఆనకట్టకి ఇవాళ్టికీ దండలేస్తున్నాం, జీతం లేకుండా కట్టినవాళ్ళకి ఒక మెయిలు పెట్టడానికి ఇంత చర్చా?

ఆడాసిటీ 1999లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అని ఇద్దరు మొదలుపెట్టారు, 2000లో బయటికొచ్చింది. కంపెనీ వచ్చింది 2021లో. మధ్యలో ఇరవయ్యేళ్ళు దాన్ని మోసింది ఎక్కువగా వాలంటీర్లే. మ్యూస్‌స్కోర్ కూడా వెర్నర్ ష్వేర్ అనే ఒకాయన 2002లో సొంతంగా మొదలెట్టిందే. కాబట్టి మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను, ఇవాళ డబ్బు అవసరం ఎవరికుందో చూసి ఇవ్వాలి. కంపెనీ వెనకున్నవాటికి డబ్బు కాదు, మరోటి కావాలి. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ వెనక కంపెనీ లేదు. మన ప్రశ్న అడిగినాయన చెప్పిన చిన్న ప్లగిన్ వెనక బహుశా ఒక్క మనిషే.

నేను పిల్లలకి కీబోర్డు, వయొలిన్ చెప్తాను. స్టాఫ్ నొటేషన్‌కి మ్యూస్‌స్కోర్ వాడతాం (మన స్వరాల నొటేషన్‌కి అది సరిపడదు, అది వేరే కథ, దాని మీద నాకూ కంప్లైంట్లున్నాయి). కంప్యూటర్‌లో వేసుకునే ప్రోగ్రాం పూర్తిగా ఉచితం, పాటల షీట్లు పంచుకునే సైటుకి ఉండే సబ్‌స్క్రిప్షన్ వేరు, ఈ రెండూ ఒకటే అనుకుని తల్లిదండ్రులు కంగారు పడతారు. ఈ ఒక్క ముక్క నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. చివరికి రెండు పేజీల్లో తెలుగులో రాసి పెట్టుకున్నాను, ఎలా దించుకోవాలి, ఎలా ఇన్‌స్టాల్ చెయ్యాలి, పాట కింద సాహిత్యం టైపు చేసేటప్పుడు అక్షరం తర్వాత హైఫన్ కొడితే తర్వాతి స్వరం కిందకి ఎలా జరుగుతుంది, ఇవన్నీ. ఇప్పుడు భీమవరం నుంచి నరసాపురం దాకా ఆ కాగితం జెరాక్సులు తిరుగుతున్నాయి. ఆ రెండు పేజీల వల్ల ఎక్కడో ఉన్న డెవలపరుకి ఎన్ని ప్రశ్నలు తగ్గాయో లెక్కేసుకోండి. ఇంగ్లీషు రాదని కోలాటం గారు బాధపడుతున్నారు కానీ తెలుగు రావడమే ఇక్కడ ఆస్తి.

ట్రాన్సిఫెక్స్ అనే సైటులో మ్యూస్‌స్కోర్ మెనూలు తర్జుమా చెయ్యొచ్చు, నేనూ కొన్నాళ్ళు కూర్చున్నాను. మొదటి రోజే "సేవ్" దగ్గర ఆగిపోయాను. భద్రపరచు అని రాస్తే మా స్టూడెంటు "ఏంటి టీచర్, బీరువానా" అంది. సేవ్‌ని సేవ్ అనే ఉంచాను. స్వరాల మధ్య వచ్చే ఖాళీకి విరామం అని పెట్టి హాయిగా అనిపించి ఆ పూటకి కాఫీ తాగాను.


రాత్రి కంపైలరు, సొంతూరు రాజోలు, ఉండేది హైదరాబాద్:

నేను ఇలాంటి చిన్న ఆడియో ప్లగిన్ ఒకదానికి వాలంటీరుని, మొదలుపెట్టింది నేను కాదు, మొదలుపెట్టినాయన పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లలై వదిలేస్తే ముగ్గురం పట్టుకున్నాం. పగలు ఉద్యోగం, రాత్రి పదిన్నర తర్వాత ఇది. అందుకని అటువైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, తిట్టుకోకండి.

డబ్బొస్తే ఆనందమే, సర్వరు ఖర్చుకీ డొమైనుకీ పనికొస్తుంది, మ్యాక్‌లో ప్లగిన్ హెచ్చరికలు అడ్డుపడకుండా నడవాలంటే ఆపిల్ వాడికి ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, మాలో ఒకడు జేబులోంచి కడుతున్నాడు. కానీ నిజంగా అరిగిపోయేది డబ్బు దగ్గర కాదండీ, టైము దగ్గర. "పని చెయ్యట్లేదు" అని ఒక్క ముక్క మెసేజ్ వస్తుంది. ఏది పని చెయ్యట్లేదు? ఏ వెర్షను? విండోసా లైనక్సా? అడిగితే జవాబు ఉండదు. ఆ ఒక్క ముక్క మీద మూడు రాత్రులు కూర్చుంటాం. దానికంటే ఘోరం "ఇంకా ఎప్పుడిస్తారు కొత్త వెర్షన్, ప్రాజెక్టు చచ్చిందా" అని అడగడం. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ వాళ్ళని 1.3 వెర్షను ఎప్పుడు అని జనం అడిగే తీరు చూస్తే నాకే భయమేస్తుంది. మందలించి పని చేయించుకోడానికి వాళ్ళేమన్నా మన పాలేర్లా.

ఇది ఊరికే మనసు నొచ్చుకునే సంగతి కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) గొడవ విన్నారు కదా, ఫైళ్ళు కుదించేది, ప్రపంచంలో దాదాపు అన్ని లైనక్సు సర్వర్లలోనూ ఉంటుంది. దాన్ని చూసుకునేది ఒక్కాయన, ఆరోగ్యం బాగోక నెమ్మదిగా చేస్తున్నాడు. ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్ళకి అప్పగించు అని కొందరు మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టి ఒత్తిడి చేశారు. సాయం చేస్తానని ముందుకొచ్చిన ఒకడికి చివరికి తాళాలిచ్చాడాయన. ఆ సాయగాడే అందులో దొంగ తలుపు పెట్టాడు. ఇంకో ఇంజనీరు లాగిన్ అర సెకను లేటవుతోందేంటని అనుమానమొచ్చి తవ్వితే బయటపడింది. ఆ ఒక్కాయనకి వెనక ఇంకో నలుగురు మంచోళ్ళు నిలబడి ఉంటే, ఒక్కరైనా "పర్లేదు, నిదానంగా చెయ్యండి" అని ఉంటే ఏమయ్యేదో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఇప్పుడు కోలాటం గారి ఉప్పు సంగతి. అది ఉప్పు తక్కువైందని వంక పెట్టడం కాదండీ, వండినోడికి తన కూర రుచి తెలీదు కాబట్టి చెప్పడం. చెప్పకుండా ఊరుకోవడమే అన్యాయం. తేడా ఏంటో ఇక్కడ రాయండి, ఎలా రాయాలో నేను చెప్తాను.

ఒకటి మర్చిపోయాను. మాకు వచ్చిన మెయిళ్ళలో నాకు బాగా నచ్చింది ఏదో తెలుసా, అందులో థాంక్స్ అన్న మాటే లేదు. ఒక పాట లింకు పెట్టి "2 నిమిషాల 10 సెకన్ల దగ్గర వినండి, ఆ గొంతు వెనక ఉన్నది మీ ఫిల్టరు" అని రాశారు. నేను ఆఫీసులో బాత్రూంలోకెళ్ళి విన్నాను.


కోలాటం సౌండ్స్:

అయ్యబాబోయ్ ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదండీ. కంపైలరు గారూ, తేడా ఇదండీ. మా పెదనాన్నగారి హార్మోనియం ఫైళ్ళన్నీ "పెదనాన్న హార్మోనియం" అని తెలుగులో పేరు పెట్టిన ఫోల్డరులో ఉన్నాయి. ప్లగిన్‌లోంచి తెరిస్తే ఫైలు లేదంటుంది. అదే ఫోల్డరుకి ఇంగ్లీషులో పేరు మారిస్తే హాయిగా మోగుతుంది. అందుకని ఇంగ్లీషులో పెట్టేసుకుని ఊరుకున్నాను. ఇది చెప్పుకోదగ్గ సంగతేనా?


రాత్రి కంపైలరు:

చెప్పుకోదగ్గ సంగతేనా అంటారేంటండీ, ఇది బంగారం!

ఎందుకో చెప్తాను. విండోస్‌లో ఫైళ్ళు తెరవడానికి రెండు రకాల దారులున్నాయి. పాత దారిలో ఒక్కో దేశానికి ఒక్కో అక్షరాల పట్టిక ఉంటుంది, కొత్త దారి యూనికోడ్, అంటే అన్ని భాషలకీ ఒకే పట్టిక. మీ డెవలపరు ఏ యూరప్‌లోనో ఉండి పాత దారి వాడేసి ఉంటాడు. వాళ్ళ అక్షరాలు, చుక్కలూ గీతలతో సహా, పాత పట్టికలో ఉంటాయి కాబట్టి అక్కడ అన్నీ బాగానే పనిచేస్తాయి. తెలుగుకి విండోస్‌లో పాత పట్టికే లేదు, మనం యూనికోడ్‌లో మాత్రమే ఉన్నాం. అందుకని పాత దారిలో వెళ్తే "పెదనాన్న" కాస్తా ప్రశ్నార్థకాల వరస అయిపోతుంది, ఆ గుర్తు ఫైలు పేర్లలో ఉండకూడదు, ఇక అది దొరికేదెలా. ఆయన జన్మంతా తన ఊళ్ళో కూర్చుని పరీక్షించినా ఇది ఆయనకి కనపడదు. మీలాంటివాడు చెప్పాల్సిందే.

రిపోర్టులో ఇవి రాయండి: ప్లగిన్ వెర్షను, విండోస్ వెర్షను, ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ వెర్షను, ఏం నొక్కారో వరసగా, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, స్క్రీను ఫొటో. ఒక్క మెట్టు వేవ్ ఫైలుని అదే తెలుగు ఫోల్డరులో పెట్టి జిప్ చేసి జతపరచండి, వాళ్ళు టైపు చెయ్యలేరు కదా మన పేరు. ముందు అదే సంగతి ఇంకెవరైనా రాశారేమో వెతకండి. ఇంగ్లీషు వంకరగా ఉన్నా ఫర్వాలేదు, వాళ్ళలో సగం మందికి కూడా అది సొంత భాష కాదు. మొదటి వాక్యం మీరెవరో, దీంతో ఏం చేస్తున్నారో రాయండి. కోలాటం అని రాయండి.


గట్టుమీద గోపి:

నేను డబ్బు సంగతి మాత్రమే అన్నాను, బగ్ రిపోర్టుకి నేనెప్పుడూ వద్దనలేదు. అయినా ఒకటి ఒప్పుకుంటున్నాను. ఇంట్లో తెలుగు టైపింగు నేర్చుకుంది లేఖిని అనే సైటులో, పైసా ఇవ్వలేదు, పదిహేనేళ్ళవుతోంది, ఇప్పటిదాకా అది చేసినాయనకి ఒక మెయిలు కూడా పెట్టలేదు. ఇవాళ పెట్టాను. రెండు లైన్లే. లేఖినిలోనే టైపు చేశాను.


కోలాటం సౌండ్స్:

మూడు వారాలైంది, ఏమైందో చెప్పమని టీచరు గారు మెసేజ్ పెట్టారు, క్షమించండి, పెళ్ళిళ్ళ సీజను, బాక్సులు మోయడంతోనే సరిపోయింది.

రిపోర్టు రాయడానికి ఒక ఆదివారమంతా పట్టిందండీ, మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది, అది సరిచేసింది. రెండో రోజు జవాబొచ్చింది. ఆయనది జర్మనీ అట, స్కూల్లో కంప్యూటర్ల పని. నిజంగానే కంపైలరు గారు చెప్పిన సంగతే. టెస్టు చెయ్యమని ఓ ఫైలు పంపాడు, అది పనిచెయ్యలేదు, ఫోల్డరు తెరుచుకుంటోంది కానీ సేవ్ చేస్తే మళ్ళీ ప్రశ్నార్థకాలే, అదే రాశాను, ఇంకోటి పంపాడు, అది మోగింది. రాత్రి పదకొండయ్యింది, బస్తాల మధ్య కూర్చుని "పెదనాన్న హార్మోనియం" అని తెలుగులో ఉన్న ఫోల్డరు మీద నొక్కితే షడ్జం మోగింది. మా ఆవిడ లేచొచ్చి ఈ టైములో ఏంటండీ అంది. కొత్త వెర్షనులో మార్పుల జాబితాలో ఒక లైను పెట్టాడు, తెలుగుతో పాటు ఇంకా ఏయే భాషల పేర్లు ఇప్పుడు పనిచేస్తాయో రాసి.

డబ్బు కూడా పంపాను, బాబాయి గారు చెప్పినట్టు మీట ఆన్ చేసి ఒకేసారి. మెసేజ్ పెట్టే డబ్బాలో "ఇది నూట పదహార్ల లెక్క, చివర సున్నా ఉండకూడదు మాకు" అని రాయించాను మేనకోడలితో. ఆయనకేం అర్థమైందో తెలీదు కానీ డాలర్లలోకి మారేసరికి పైసలు బేసిగా పడ్డాయి, సరిపోయింది. యూట్యూబులో మా కోలాటం వీడియోల కింద ఏ సాఫ్ట్‌వేరుతో చేశామో అన్నిటి పేర్లూ పెడుతున్నాను.

ఇప్పుడు ఇంకో చిక్కొచ్చి పడింది. వీడియో చూసి ఆయన ఆ డోలక్ శబ్దాలు ఎక్కడివి, అందరూ వాడుకునేలా పెట్టగలరా అని అడిగాడు. ట్రాకులో డోలక్ నాది కాదని చెప్పడానికి సిగ్గేసి, మావాడిని పిలిచి నిజం డోలక్ రికార్డు చేశాను. ఎడమ చేత్తో గుమికి, కుడి చేత్తో అంచు మీద, మధ్యలో, మెల్లిగా ఒకటి, గట్టిగా ఒకటి, అలా ఇరవై రెండు దెబ్బలు, ప్రతిదీ నాలుగేసి సార్లు. మధ్యలో కోడి కూసి రెండు పాడయ్యాయి. ఎక్కడ పెట్టాలండీ ఇవి? మావాడు ఒకటే అడుగుతున్నాడు, నా పేరు వస్తుందా అని.


రాత్రి కంపైలరు:

ఫ్రీసౌండ్ అనే సైటులో పెట్టండి, బార్సిలోనాలో పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ళు 2005 నుంచి నడుపుతున్నారు. అప్‌లోడ్ చేసేటప్పుడు లైసెన్సు అడుగుతుంది. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, మన పనిని పంచుకునే లైసెన్సులు. సీసీ జీరో పెడితే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు, పేరు చెప్పక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళకి అదే సులువు, ఎక్కడికక్కడ కలిపేసుకుంటారు. సీసీ బై పెడితే వాడుకున్నవాళ్ళు మీవాడి పేరు చెప్పి తీరాలి. వ్యాపారానికి వద్దు అనే మూడోది కూడా ఉంది, అది మాత్రం వద్దు, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో అలాంటివి కలుపుకోలేరు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు, అది మీవాడికి అర్థమయ్యేలా చెప్పి అప్పుడే పెట్టండి. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్‌లో అయినా హైడ్రోజన్ అనే డ్రమ్ము ప్రోగ్రాం‌లో డ్రమ్‌కిట్టుగా అయినా ఎవరో ఒకరు కట్టుకుంటారు. కోడి కూసినవి కూడా విడిగా పెట్టండి, ఎవరికో ఒకరికి కావాలి.


కోలాటం సౌండ్స్:

చెప్పానండీ, అంతా వివరంగా. జీరో అంటే నీ పేరు చెప్పక్కర్లేదు, బై అంటే చెప్పాలి, ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే అని. కాసేపు డోలక్ మీద వేళ్ళు ఆడించుకుంటూ ఆలోచించాడు. బై పెట్టమన్నాడు. పేరు పక్కన ఊరి పేరు, తీర్థం పేరు కూడా రాయమన్నాడు. ఆ రోజు తీసుకున్న నూట పదహార్లు కూడా ఆ జర్మనీ ఆయనకి పంపెయ్యి అన్నాడు, మొత్తం కాదులే, సగం అని మళ్ళీ అన్నాడు.